గవ్వపువ్వు మొలక

మూడో అంతస్తు, వెనక గది
జూన్ 9

తమ్ముడూ,

నీ ఉత్తరమూ, తడిగుడ్డలో చుట్టి పంపిన పార్సెలూ చేరాయి. నేను బాగానే ఉన్నాను. నువ్వే బాగా లేవని నీ ఉత్తరం చదివితే తెలిసిపోయింది. ముప్పై ఒక్క ఏళ్ళు బస్సులో కండక్టరు పని చేసి, రిటైరై, కాళ్ళు చాపుకుని కూర్చోవలసినవాడివి. ఆదివారం పొద్దున్నే మోకాళ్ళ మీద కొండెక్కి గడ్డి పీకుతున్నావా? పైగా దానికో సంఘం. ఆ సంఘానికి పెద్ద ఒక రిటైరైన నర్సు. ఆవిడ వెనక ఒక దర్జీ, ఒక మేకల కాపరి, బ్యాంకులో పనిచేసే మొగుడూ పెళ్ళాం. అంతా కలిసి కొండని ఉద్ధరిస్తున్నారు. ఇన్నాళ్ళూ మీరు లేక అది ఎంత దిగులు పడిందో పాపం.

నువ్వు నాలుగు పేజీల్లో చెప్పింది నాకు అర్థమైనంతవరకు ఇది. మీ ఎర్రరాతి వాలు మీద తప్ప ఇంకెక్కడా పూయని గవ్వపువ్వు అనే మొక్క ఒకటుంది. అది ఏటా విత్తనం నుంచే మళ్ళీ మొలవాలి. ఎక్కడినుంచో ఇంకో మొక్క దిగబడి దాని చోటంతా ఆక్రమిస్తోంది. వచ్చింది వెళ్ళడం లేదు కనక దానికి మీరు ‘చుట్టం’ అని పేరు పెట్టారు. ఆ పేరు పెట్టినవాళ్ళకి మాత్రం కాస్త బుర్ర ఉందని ఒప్పుకుంటాను. చుట్టాన్ని మొలకగా ఉన్నప్పుడే పీకాలి, ముదిరితే వేరు ఊడి రాదు. కాని మొలకలు రెండూ ఇంచుమించు ఒకలాగే ఉంటాయి. అందుకని ఏది పీకాలో, ఏది వదలాలో నేను బొమ్మ గీసి పంపాలి.

మొక్కల మ్యూజియంలో ముప్పై నాలుగేళ్ళు ఆకులు గీశాను. ఈనెలు లెక్కపెట్టి గీసేదాన్ని. పుస్తకాలు రాసే పెద్దలు నా బొమ్మ చూసి తమ వాక్యాలు దిద్దుకునేవాళ్ళు. ఇప్పుడు గడ్డి పీకేవాళ్ళ మెడలో వేలాడే అట్టముక్కకి గీయాలన్నమాట. సరే, గీస్తాను. మరదలు పోయిన ఈ మూడేళ్ళలో నువ్వు నాకు ఇంత పొడుగు ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. అందుకోసం గీస్తున్నాను, మీ కొండ కోసం కాదు.

పార్సెలు దారిలో కొంచెం నలిగింది. ఫర్వాలేదు, బొమ్మకి సరిపోతుంది. ఫోన్ మాత్రం చేయకు, నా చెవి సంగతి నీకు తెలుసు.

నీ అక్క


కొండ కింద ఇల్లు
జూన్ 30

అక్కా,

బొమ్మ అందింది. విప్పగానే నర్సమ్మ దాన్ని వెలుతురుకి పట్టుకుని చూసింది. మేం రోజూ చూసే మొక్కలే, ఇంత అందంగా ఉంటాయని మాకే తెలియదు. నున్నటి అంచున్న మొలక కింద ‘గవ్వపువ్వు, వదలండి’ అనీ, అంచుకి పళ్ళున్న మొలక కింద ‘చుట్టం, పీకండి’ అనీ నీ చేతిరాత. ఇరవై నకళ్ళు తీయించి, అట్టకి అంటించి, దారం కట్టి మెడలో వేసుకున్నాం.

మా పని ఎలా ఉంటుందో చెబుతాను, నవ్వుకో. వాలు అడుగున ఒకరికొకరం బారెడు దూరంలో వరసగా మోకాళ్ళ మీద కూర్చుంటాం. ఎవరి ఎదురుగా ఉన్న నేల పట్టీ వాళ్ళది. నాకు కుడిపక్క దర్జీ, ఎడంపక్క నర్సమ్మ. ప్రతి మొలకనీ అట్టతో పోల్చి చూసి, రెండు వేళ్ళతో పీకి, బుట్టలో వేసి, అర అడుగు పైకి జరుగుతాం. దిగేముందు అందరం నిలబడి ఎవరెవరు పొరపాటున ఏం పీకామో చెప్పుకోవాలి. ఎవరూ తిట్టరు, ఓదార్చరు. మొన్న నర్సమ్మే ‘నేనొకటి చూసుకోకుండా పీకాను’ అంది.

మేకల పెద్దాయన ఒక్కడే అట్ట వేసుకోనన్నాడు. ‘గవ్వపువ్వుకి చిన్నప్పుడే పళ్ళుంటాయి, పెరిగాక నున్నబడుతుంది, మీరు తిరగేసి పీకుతున్నారు’ అని గొడవ. ఈ బొమ్మ గీసింది మా అక్కయ్య, ఆవిడ మ్యూజియంలో ఆకులు గీసిన మనిషి అని నేను గట్టిగా చెప్పాను. ఆయన మేకల వైపు వెళ్ళిపోయాడు.

ఒక్క మాట. ఆకుల తేడా నాకు తెలియదు కనక, పోయినేటి ఏ ఎండుమొక్క కింద మొలిచిందో చూసి మొలకల వేళ్ళకి పేర్లు రాసిన చీటీలు కట్టాను కదా, గుడ్డ బాగా తడిపి చుట్టాను. నీకు అందేసరికి అవి చదవడానికి వచ్చాయా? ఊరికే అడుగుతున్నాను.

తమ్ముడు


మూడో అంతస్తు, వెనక గది
జూలై 11

తమ్ముడూ,

మేకల కాపరి నాకు ఆకులు నేర్పే రోజు వచ్చిందన్నమాట. ఆకు గురించి ఆయనకి తెలిసిందల్లా మేక తింటుందా తినదా అన్నదే. పెద్ద మొక్క ఆకు నున్నగా ఉన్నప్పుడు మొలకకి పళ్ళెక్కడివి? మనుషుల్లా పాలపళ్ళు వచ్చి ఊడిపోతాయా? మ్యూజియంలో గవ్వపువ్వు ఎండు కొమ్మ ఒకటుండేది. దాన్ని గీసింది నేనే. అద్దంలాంటి ఆకు. ఆయన్ని వెళ్ళి మేకలు కాచుకోమను.

మీ అట్టల ఊరేగింపు తలుచుకుంటే నవ్వు ఆగడం లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు మెడలో టిక్కెట్ల సంచీ మోశావు, అది దిగిందనుకుంటే ఇప్పుడు అట్ట. తప్పులు చెప్పుకునే సభ మరీ బాగుంది. మా మ్యూజియంలో అలాంటి సభ పెట్టి ఉంటే పెద్దలు ఒక్కరూ చీకటిపడేలోగా ఇంటికి చేరేవాళ్ళు కాదు. ఒక గడ్డిపరక చూడకుండా పీకినందుకు నర్సమ్మ అంత బాధపడిపోయిందా? ఆస్పత్రిలో చేసినవాటికి కూడా ఇలాగే నిలబడి చెప్పుకుందేమో కనుక్కో.

ఇక్కడ లిఫ్టు పాడై వారమైంది. పాలప్యాకెట్టు కోసం డెబ్భై రెండు మెట్లు దిగి ఎక్కుతున్నాను. ఎక్కుతున్నప్పుడల్లా నువ్వు కావాలని ఎక్కుతున్నావు కదా అని గుర్తొచ్చి ఒళ్ళు మండుతోంది.

నీ అక్క


కొండ కింద ఇల్లు
ఆగస్టు 20

అక్కా,

వాలు ముప్పావు వంతు అయిపోయింది. పీకినవన్నీ ఎండబెట్టి తగలబెడుతున్నాం, వేరు ముక్క మిగిలినా మళ్ళీ లేస్తుందట. వదిలిన మొలకలు ఇప్పుడు జానెడు ఎత్తున ఉన్నాయి. వాటిని ఎవరూ తొక్కకుండా ఒక్కోదాని చుట్టూ గులకరాళ్ళు గుండ్రంగా పేరుస్తున్నాం. ఆ ఆలోచన దర్జీది. నాలుగు వందల పన్నెండు గుండ్రాలయ్యాయి. పొద్దున ఎండ పడితే వాలంతా బొత్తాలు కుట్టినట్టు ఉంటుందని ఆయన మురిసిపోతున్నాడు. నేనూ మురిసిపోతున్నాను, దాచడమెందుకు?

మేకల పెద్దాయనతో మాత్రం తగువైంది. మేకలదారి పక్కన కొంతమేర పీకడానికి వెళితే కర్ర అడ్డం పెట్టి నిలబడ్డాడు. బ్యాంకు దంపతులు ఆయనకి అట్ట చూపించి పావుగంట చెప్పారు. ‘మీ అట్ట మీ దగ్గరే ఉంచుకోండి’ అన్నాడు. ఆ కాస్త వదిలేశాం.

నాకు మోకాలు నొప్పిగా ఉంది కాని మనసు బాగుంది. నీ మరదలు ఉన్నప్పుడు ఆదివారం అంటే ఎలా ఉండేదో మళ్ళీ అలా ఉంటోంది.

తమ్ముడు


మూడో అంతస్తు, వెనక గది
ఆగస్టు 28

తమ్ముడూ,

నాలుగు వందల పన్నెండు గుండ్రాలా? కొండ మీద రాళ్ళు తీసి కొండ మీదే పెట్టి, దానికి సంబరం. కోడిపిల్లలకి కట్టినట్టు మొక్కలకి గూళ్ళు కడుతున్నారు. రేపు దర్జీగారు వాటికి చొక్కాలు కుడతాడు, కొలతలు తీసుకోమను. మనుషులకి పని లేకపోతే ఇలాగే ఉంటుంది. లిఫ్టు ఇంకా బాగుపడలేదు, మీ ఇరవైమందిలో ఒక్కరికైనా అది బాగుచేయడం వచ్చి ఉంటే నేను మీ సంఘానికి దణ్ణం పెట్టేదాన్ని.

ఆ మేకలాయన పీకనివ్వని చోట ఏం మొలిచిందో చూశావా? ఆకులు ఎలా ఉన్నాయి? ఊరికే అడుగుతున్నాను.

మోకాలికి వేడినీళ్ళ కాపడం పెట్టుకో.

నీ అక్క


కొండ కింద ఇల్లు
అక్టోబరు 6

అక్కా,

గుండ్రాల్లోవి పూశాయి. పసుప్పచ్చగా పూశాయి. నాలుగు వందల పన్నెండూ చుట్టాలే.

నాలుగు నెలలుగా మేం పీకి, ఎండబెట్టి, తగలబెట్టినవి గవ్వపువ్వులు.

మొన్న ఆదివారం పైన ఎవరూ బుట్ట ముట్టుకోలేదు. దర్జీ మెడలోంచి అట్ట తీసి మడవబోయాడు, మడతపడక అలాగే జేబులో పెట్టుకున్నాడు. దిగేముందు నర్సమ్మ మామూలుగానే అందర్నీ నిలబెట్టి అడిగింది, ఎవరెవరు ఏం తప్పు పీకారని. ఎవరం ఏం చెబుతాం?

జూన్‌లో నిన్నొక మాట అడిగాను. చీటీలు చదవడానికి వచ్చాయా? ఈసారి జవాబు రాయి.

తమ్ముడు


మూడో అంతస్తు, వెనక గది
అక్టోబరు 13

తమ్ముడూ,

నీ ఉత్తరం చదివి ఆశ్చర్యపోలేదు. పొద్దున్నే పనిలేక కొండెక్కే ఇరవైమంది చేతుల్లో పెడితే ఏ మొక్క అయినా అలాగే అవుతుంది. బొమ్మ ఉన్నంత మాత్రాన సరా, దాన్ని చూడడం రావాలి. నకళ్ళు తీసినవాడు అటుదిటు ఇటుదటు చేశాడేమో కనుక్కున్నావా? పేర్లు అంటించినప్పుడు మారిపోయాయేమో చూశావా? లేకపోతే విత్తనాలే కలిసిపోయి ఉంటాయి. ఏమైనా జరిగి ఉండవచ్చు. మ్యూజియంలో ముప్పై నాలుగేళ్ళలో నా బొమ్మ మీద ఒక్క ఫిర్యాదు రాలేదు. మీ నర్సమ్మకి చెప్పు.

అసలు మీరు వేలు పెట్టకపోతే ఆ కొండ దాని బతుకు అది బతికేది. ఇకనైనా మానేసి ఇంటిపట్టున ఉండు.

లిఫ్టు బాగైంది. నీ మోకాలు ఎలా ఉంది?

నీ అక్క


కొండ కింద ఇల్లు
నవంబరు 2

అక్కా,

నేనడిగినదానికి జవాబు రాయలేదు. రాయకపోవడమే జవాబని అర్థమైంది.

ఏం చెప్పాలో నువ్వే అందించావు, నేను అదే వాడుకున్నాను. నకళ్ళ మీద పేర్లు కత్తిరించి అంటించింది నేనేననీ, తొందరలో ఒకదాని కింద ఇంకోటి అంటించాననీ వాళ్ళందరి ముందూ చెప్పాను. నర్సమ్మ ఇంకోసారి ఆలోచించి చెప్పమంది. ఆలోచించడానికేం లేదన్నాను. ‘అయితే కొన్నాళ్ళు పైకి రాకండి’ అంది. మిగతావాళ్ళు నేల చూపులు చూశారు. కింద కూర్చుని బుట్టలు కడిగి పెడతానన్నాను, అదీ వద్దన్నారు. ఇప్పటికి రెండు ఆదివారాలు కిటికీలోంచి చూస్తున్నాను, వాళ్ళు ఎక్కడం, దిగడం.

ఈ ఏడు వాలు మొత్తం మీద పూసిన గవ్వపువ్వులు ముప్పై ఏడు. అన్నీ మేకలదారి పక్కన, ఆయన కర్ర అడ్డం పెట్టిన చోటే. ఆగస్టులో నువ్వడిగావు కదా ఆకులు ఎలా ఉన్నాయని. మొలకప్పుడు పళ్ళతో ఉన్నాయి, తర్వాత నున్నబడ్డాయి.

ఎందుకు అబద్ధం చెప్పావని అడుగుతావేమో. నీకు ఆ ఆకులు తప్ప ఇంకేమున్నాయి? అవి కూడా పోతే ఆ వెనక గదిలో ఒక్కదానివే ఎలా కూర్చుంటావా అని భయమేసింది. అంతే.

మోకాలికి ఆపరేషన్ చేయాలన్నారు. వచ్చే వారం అమ్మాయి దగ్గరికి వెళుతున్నాను. ఇక్కడ ఉండి చేసేది కూడా ఏమీ లేదు.

తమ్ముడు


మూడో అంతస్తు, వెనక గది
నవంబరు 8

తమ్ముడూ,

చీటీల మీద సిరా కారిపోయింది. రెండింటి మీదా నీలం మరక తప్ప ఒక్క అక్షరం లేదు.

నీకు కార్డు ముక్క రాసి, మళ్ళీ పంపమని అడిగితే సరిపోయేది. వారం రోజులు ఆలస్యమయ్యేది, అంతే. కార్డు తీసి పైన నీ చిరునామా కూడా రాశాను. బస్సు కండక్టరుని అడిగి ఆకు గీయాలా అనిపించింది. కార్డు చింపేశాను. పెద్ద మొక్క ఆకు నున్నగా ఉంది కనక మొలకదీ నున్నగానే ఉంటుందని నాకు నేనే తీర్మానించుకుని పేర్లు రాసేశాను. మ్యూజియంలో నా కింద పనిచేసే పిల్ల ఎవరైనా ఇలా చేసి ఉంటే ఆ కాగితం దాని ముందే చింపి, నాలుగు రోజులు మాట్లాడేదాన్ని కాదు.

నువ్వు మేకలాయన మాట రాసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. అందుకే అంత వెక్కిరించాను. ఆగస్టుకి భయం పూర్తిగా పట్టుకుంది. అప్పుడు ఒక్క ముక్క రాసి ఉంటే పావు వంతైనా మిగిలేవి. రాయలేదు. గుండ్రాల మీద జోకులు రాశాను.

నా కోసం నువ్వు వాళ్ళ దృష్టిలో చెడ్డవాడివయ్యావు. అది నేను భరించలేను. ఈ ఉత్తరం పట్టుకెళ్ళి వాళ్ళకి చదివి వినిపించు. నిన్ను మళ్ళీ పైకి రానిస్తారు.

నీ అక్క


అమ్మాయి ఇల్లు
నవంబరు 15

అక్కా,

చదవను.

ఐదు నెలలు వాళ్ళని తిట్టడానికి నీకు తపాలా సరిపోయింది. ఇప్పుడు తప్పు ఒప్పుకోవడానికీ అదే సరిపోతుందనుకుంటున్నావు. కుర్చీలోంచి లేవకుండా వాళ్ళని నవ్వులపాలు చేశావు, కుర్చీలోంచి లేవకుండా వాళ్ళ చేత క్షమించామనిపించుకుందామని చూస్తున్నావు. నా గొంతు అద్దెకి దొరకదు.

అబద్ధం చెప్పింది నేను. అది నేను మోస్తాను. నిజం నీది, నువ్వే మోసుకెళ్ళు. లిఫ్టు బాగైందని రాశావుగా, కిందికి దిగడానికి కష్టముండదు. మా ఊరికి మూడున్నర గంటల బస్సు. కొండ దగ్గర ఆపమని కండక్టరుని అడుగు. కండక్టరుని ఏదైనా అడగడం నీకు కష్టమే, అయినా అడుగు.

ఇంటి తాళంచెవి దర్జీ కొట్టులో ఉంది. ఆపరేషన్ ఇరవై ఏడున.

తమ్ముడు


కొండ కింద, నీ ఇల్లు
డిసెంబరు 4

తమ్ముడూ,

ఆపరేషన్ బాగా జరిగిందని అమ్మాయి దర్జీ కొట్టుకి ఫోన్ చేసి చెప్పిందట. ఆయన పని ఆపి, టేపు మెడలో వేలాడుతుండగానే పరుగున వచ్చి నా చెవి దగ్గర అరిచి చెప్పి వెళ్ళాడు. నీ ఇల్లు చూశాను. ఉన్నవి మూడు గ్లాసులు, అందులో ఒకదాంట్లో మేకులు. కుర్చీ కిటికీ దగ్గరే ఉంది, కొండకి ఎదురుగా. ఆ కుర్చీ చూశాక నీ మీద కోపం పోయింది.

ఆదివారం పైకెక్కాను. మూడుచోట్ల కూర్చోవలసి వచ్చింది. ఎవరూ చెప్పకుండానే అందర్నీ గుర్తుపట్టాను. నువ్వు రాసినట్టే ఉన్నారు, నేను వెక్కిరించినట్టు ఒక్కరూ లేరు. దిగే వేళకి అందరూ లేచి నిలబడితే నేనూ నిలబడ్డాను. చీటీలు తడిసి పేర్లు చెరిగిపోయాయనీ, అడగడం నామోషీ అనిపించి ఊహించి రాశాననీ, నా తమ్ముడు ఏ పేరూ తారుమారు చేయలేదనీ, మీరు పీకినవన్నీ నేను పీకినవే అనీ చెప్పాను. తర్వాత తిట్లకోసం ఎదురుచూశాను. వాళ్ళ పద్ధతి తెలుసు కదా, తిట్టరు. నేను నవ్విన ఆ పద్ధతి ఎంత కష్టమో అక్కడ నిలబడితే తెలిసింది.

కాసేపటికి నర్సమ్మ నా పక్కకి వచ్చి నీళ్ళ సీసా ఇచ్చింది.

“మాకు తెలుసమ్మా” అంది. “మీరు పంపిన అసలు కాగితం మా ఇంట్లోనే ఉంది. పేర్లు మీ చేత్తోనే రాసి ఉన్నాయి. మీ తమ్ముడు ఆ సంగతి మరిచిపోయారు.”

మరి నా తమ్ముణ్ణి ఎందుకు పంపేశారని అడిగాను. నా గొంతు లేచింది, అందరూ విన్నారు.

“తప్పు పీకినందుకు ఇక్కడ ఎవర్నీ పంపించం. అలాగైతే కొండ మీద ఒక్కరం మిగలం. ఆయన అబద్ధం చెప్పారు. ఇంకోసారి అడిగితే మళ్ళీ అదే చెప్పారు. అందుకు పంపాం.”

నాకు ఒక్క ఉత్తరమైనా రాయలేదేం అని అడిగాను. “మీరే చెబుతారనుకున్నాం” అంది. ఆ మాటలో ఎత్తిపొడుపు ఏమాత్రం లేదు, కాస్త ఉండి ఉంటే బాగుండేది. రెండు నెలలు ఈ మనుషులు నేను నిజం చెప్పే మనిషిననే అనుకుంటూ కూర్చున్నారు. నేను వాళ్ళని ఏమనుకుంటూ కూర్చున్నానో నీకు తెలుసు. సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాటినుంచి పొద్దున్నే మేకల పెద్దాయన దగ్గరికి వెళుతున్నాను. మొన్నటి వానకి దారి పక్కన కొత్తగా మొలిచాయి, రెండు రకాలూ కలిసి. ప్రతి మొలకకీ ఆయన్నే అడుగుతున్నాను, ఇది ఏది అని. ఆయన ‘వదులు’ అంటాడు, లేకపోతే ‘పీకు’ అంటాడు. కొన్నింటికి ‘ఇంకా తెలియదు, రెండాకులు రానీ’ అంటాడు. ముప్పై నాలుగేళ్ళలో మా మ్యూజియంలో ఎవరూ ఆ మాట అనగా వినలేదు. కాగితం మాత్రం ఇంకా తీయలేదు. ఈ మొలకలు పూసేదాకా చూసి, అప్పుడు గీస్తాను. అందాకా ఇక్కడే ఉంటాను, నీకు అభ్యంతరమైనా సరే.

నిన్ను మోకాలు కుదుటపడగానే పైకి రమ్మని నర్సమ్మ చెప్పమంది. వచ్చాక అబద్ధం చెప్పానని అందరి ముందూ ఒకసారి అనాలట, అంతే.

ఒక సంగతి చివర్లో రాద్దామని దాచాను. ఆదివారం పని మొదలుపెట్టేటప్పుడు వరసలో దర్జీకీ నర్సమ్మకీ మధ్య ఒక మనిషి పట్టే ఖాళీ కనిపించింది. అక్కడ కూర్చోబోయాను. దర్జీ చెయ్యి అడ్డం పెట్టాడు. “అక్కడ కాదమ్మా, అది మీ తమ్ముడిది” అన్నాడు. వాలు మీద పసుపుపూల చుట్టాలన్నీ తవ్వి తీసేశారు, నీ పట్టీలోవి తప్ప. గింజ రాలకుండా వాటి తలలు మాత్రం తుంచి, వేళ్ళు నీకు వదిలేశారట. అవి ముదిరి, మోకాలెత్తున లేచి ఉన్నాయి. ఇంత తెలివితక్కువ సంఘాన్ని నేనెక్కడా చూడలేదు. అక్కడే కూర్చుని అందరి ముందూ ఏడ్చాను. తొందరగా రా.

నీ అక్క